ఎర్ర డబ్బా మా ఆయనను దొంగ అన్నది

నేను చదివింది మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా గుర్తుపడతాను, నాలుగు కలిస్తే మాత్రం అవి ఏమంటున్నాయో నాకు తెలియదు. అట్లాంటి దానివి కంప్యూటర్ అంగడి ఎట్లా నడిపావని అందరూ అడిగేదే. నేను చెబుతుంటే రాస్తున్న ఈమె కూడా అడిగింది. మా ఆయన పోయాడు, అంగడి మిగిలింది, కడుపులు ఉన్నాయి. అంతే సంగతి.

తొంభైల చివర్లో మా ఆయన నంద్యాలలో ఒక ప్రెస్సులో డీటీపీ పని నేర్చుకున్నాడు. అక్కడే కంప్యూటర్లు బిగించే ఒకన్న చేత ఒకటి బిగించుకుని ఆళ్లగడ్డకు తెచ్చాడు. బస్టాండు వెనక సందులో గది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు వచ్చేవి గానీ, అసలు పని రాళ్ల మీద రాతలది. మా ఊళ్లో విగ్రహాలు చెక్కేవాళ్ల దగ్గరికి పునాది రాళ్లు, సమాధి రాళ్లు, గుడి రాళ్లు కూడా వస్తాయి. మేము అక్షరాలను పెద్దవిగా కాగితం మీద తీసి ఇస్తాం. వాళ్లు ఆ కాగితాన్ని రాతికి అతికించి, గీత వెంబడి ఉలి పెడతారు. కాగితం మీద ఎట్లా ఉంటే రాతి మీద అట్లా పడుతుంది, మళ్లీ తుడిచేది లేదు.

కీబోర్డు ఇంగ్లీషుది. దాంట్లోంచి తెలుగు రావాలంటే ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తూ ఉండాలి. నేను కీ నొక్కుతాను. ఆ నొక్కుడును అది మధ్యలోనే పట్టుకుని, ఇంగ్లీషు అక్షరం పోనీయకుండా దాని బదులు తెలుగు అక్షరం వేస్తుంది. ఆ ప్రోగ్రాం నంద్యాలలో ఆ అన్న దగ్గర తీసుకొచ్చి మా ఆయన పెట్టిందే. జ్వరం మెదడుకెక్కి ఆయన పోయాక, ఆయన కీల మీద అతికించిన తెలుగు అక్షరాల చీటీలు చూసుకుంటూ వేళ్లు తిప్పడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక చీటీలు అరిగిపోయినా నా వేళ్లకు దారి తెలిసింది.

గది మా మరిదిది. నన్ను కూర్చోనిచ్చిన రోజే ఒక మాట చెప్పాడు.

"నడుపుకో వదినా. నాకేం బాడుగ వద్దు. కానీ మా అన్న పేరు బజార్లో పడిందంటే మాత్రం తాళం ఏసేస్తా. అప్పుడు నన్ను అడగొద్దు."

అన్న అంటే వాడికి ప్రాణం. ఆ మాట కోపంతో అన్నది కాదు, అందుకే నాకు ఎక్కువ భయం.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లకు మా సందులోకి నెట్టు వచ్చింది. నేనూ పెట్టించాను. పరీక్షల రిజల్ట్లు, దరఖాస్తులు, మెయిళ్లు. జనం పెన్‌డ్రైవులు తేవడం మొదలుపెట్టారు, వాటితోపాటు వైరస్‌లూ వచ్చాయి. నంద్యాల అన్న వచ్చి యాంటీవైరస్ వేసిపోయాడు. అది నెట్టులోంచి తనంతట తానే కొత్త సంగతులు తెచ్చుకుంటుందట. "స్క్రీన్ మీద ఎర్ర డబ్బా వస్తే ఏమీ నొక్కొద్దమ్మా, నాకు ఫోన్ చెయ్యి" అన్నాడు. చాలా కాలం ఏ ఎర్ర డబ్బా రాలేదు.

అది వచ్చిన పొద్దున అంగట్లో జనం ఉన్నారు. రిజల్ట్ల కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. బెంచీ మీద రాళ్లు చెక్కే పెదనాయన బీడీ చెవి వెనక పెట్టుకుని కూర్చున్నాడు. నాకు చుట్టం కాదు, వయసులో పెద్దవాడని అట్లా పిలిచేదాన్ని. సిరివెళ్ల దగ్గర పల్లెలో ఒక ఇంటివాళ్లు చనిపోయిన తండ్రి పేరుతో పశువులకు నీళ్ల తొట్టి కట్టించారు. దాని రాయికి అక్షరాలు కావాలి. సగం కొట్టాను, సగం మిగిలింది.

అప్పుడు సారు వచ్చాడు. హైస్కూల్లో చెప్పే సారు, మాకు వాడిక మనిషి. ఎప్పుడూ నవ్వుతూ వచ్చేవాడు, ఆరోజు మొహం నల్లగా పెట్టుకుని వచ్చాడు. పని ఆపి తన మెయిల్ తెరవమన్నాడు. ఒక్కో అక్షరం చెప్పాడు, కొట్టాను. మెయిల్ తెరుచుకోబోతుండగా కంప్యూటర్ పెద్దగా కూత పెట్టింది. స్క్రీన్ మధ్యలో ఎర్ర డబ్బా.

నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. సారు కౌంటర్ మీదికి వంగి చదివాడు. మళ్లీ చదివాడు.

"ఏందమ్మా ఇది?"

"తెల్దు సారూ. ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు."

"ఎవురు ఏ కీ కొట్టినా దాచిపెట్టుకునే ప్రోగ్రాం ఈడ ఉండాదంటాంది. దొంగ ప్రోగ్రాం. ఇదో, దాని పేరు కూడా ఏసింది. ఇది మీ తెలుగు ప్రోగ్రామే కదా?"

ఆ పేరు నాకు తెలుసు. పొద్దున లేస్తే స్క్రీన్ మీద నేను నొక్కే బొమ్మ కింద ఉండే పేరే.

"దీన్ని ఎవురు పెట్టినారు?"

"మా ఆయన."

సారు నిటారుగా నిలబడ్డాడు. గుమ్మంలో ఉన్నవాళ్లందరికీ వినిపించేట్టు చెప్పాడు. "నా పేరుతో మా ఆఫీసరుకు బూతులు పోయినాయి. నా మెయిల్లోంచే పోయినాయి. మొన్న నాకు మెమో ఇచ్చినారు. యాడ జరిగిందని తల పగలగొట్టుకుంటాండా. నేను మెయిల్ తెరిచేది ఈడ తప్ప యాడా లేదు. ఇప్పుడు తెలిసింది."

"సారూ, ఆయన పోయి ఎన్నేళ్లయింది."

"ఆయన పోతే ఏమమ్మా, ఆయన పెట్టింది ఉండాది కదా. అది పోగు చేసేది ఎవురికి పోతాందో ఎవురు చూసినారు?"

నన్ను అని ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని, పోయిన మనిషిని అంటే ఏమని అనను? సారు ఊరుకోలేదు, మౌసు తన వైపు లాక్కుని ఆ డబ్బాలో ఒక చోట నొక్కేశాడు. డబ్బా పోయింది.

తొట్టి రాయి అక్షరాల్లో ఇంకొకటి కొట్టి చూశాను. ఇంగ్లీషు అక్షరం పడింది. ఇంకొకటి కొట్టాను, అదీ ఇంగ్లీషే. ముందు కొట్టిన తెలుగు అట్లాగే ఉంది గానీ, దాని పక్కన ఒక్క అక్షరం చేర్చే దారి లేదు.

పెదనాయన బెంచీ మీద నుంచే అడిగాడు. "సారూ, మీ దొంగ దొరికినాడో లేదో గానీ నా రాయి ఆగిపోయింది. ఆ మిగిలిన సగం మీరు చెక్కుతారా?"

ఎవరూ నవ్వలేదు. రిజల్ట్లకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరుగా జారుకున్నారు. ఒకాయన పోతూ పోతూ తన హాల్‌టికెట్ కౌంటర్ మీద నుంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, నేనేదో దాచుకుంటానన్నట్టు.

మా మరిది వచ్చేసరికి టీ కొట్టులో మాట పాకిపోయింది. వాడు గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు.

"ఏంది వదినా, మా అన్న దొంగ ప్రోగ్రాం పెట్టినాడంటాండారు?"

"నాకు తెల్దప్పా."

"తెల్దంటే ఎట్ల? లేదని చెప్పు."

"లేదని నేనెట్ల చెప్పేది, నాకు చదవనొస్తాదా?"

వాడికి ఆ మాట చురుక్కుమంది. నాకూ అంతే. కానీ తెలియనిది తెలుసని చెప్పలేను.

"ఆ యాంటీవైరస్ పీకి పారెయ్. అది లేకుంటే ఎర్ర డబ్బా యాడిది? దాంతో పీడ పోతాది."

"పీకితే, మేమే దాచినామంటారు."

వాడు తాళం తెచ్చుకునే వచ్చాడు, చేతిలో కనిపిస్తూనే ఉంది. నేను నంద్యాలకు ఫోన్ కలిపాను. నంద్యాల అన్న అంతా విని, "ఏమీ ముట్టుకోవద్దు. సీపీయూ డబ్బా ఎత్తుకుని ఇప్పుడే రా" అన్నాడు. ఫోన్ పెట్టేసి మరిదితో చెప్పాను. "సాయంత్రం దాకా ఆగు. ఆడ కూడా దొంగదేనని తేలితే, నీ తాళం నేనే ఏసిస్తా."

సారు అక్కడే ఉన్నాడు. "నేనూ వస్తాండా. నేను లేకుండా దాంట్లో ఏదీ తీసేది లేదు" అన్నాడు.

సీపీయూను దుప్పట్లో చుట్టి ఒడిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. సారు నా వెనక సీట్లో, మూట కనిపించేట్టు కూర్చున్నాడు. కండక్టరు వచ్చి, "ఏమ్మా, చంటిబిడ్డనా? మొగం కప్పేసినావే, గాలాడద్దా?" అన్నాడు. కంప్యూటర్ అన్నాను. "అయితే దానికీ టికెట్టు తీసుకో" అన్నాడు. ఇంకోసారైతే వాడితో బాగా వాదులాడేదాన్ని. ఆరోజు తీసుకున్నాను.

సిరివెళ్ల దాటేదాకా నా తల ఒక్క చోటే తిరిగింది. మా ఆయన బతికున్నప్పుడు ఒకసారి "తెలుగు ప్రోగ్రాంలో మార్పు చేయించుకోవాలి" అని నంద్యాల పోయాడు. సాయంత్రం ఉషారుగా వచ్చాడు. ఏం మార్పు అని అడిగితే, "నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నాడు. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాట బస్సు కుదుపుకొకసారి గుచ్చుకుంది. ఏం చేయించుకున్నాడు? నాకు అర్థం కానిది ఏముంది దాంట్లో? ఆయనతో కాపురం చేశాను, ఆయన ఆకలి తెలుసు, కోపం తెలుసు. ఆ స్క్రీన్ ముందు కూర్చుని ఆయన ఏం చేసేవాడో మాత్రం నాకు తెలియదు. వెనక నుంచి సారు చూపు నా మెడ మీదే ఉన్నట్టు అనిపించింది. కట్టుకున్నవాడి పేరు నేను కాపాడుకోవాలి, కానీ ఆయన దేంట్లో ఉన్నాడో తెలియకుండా ఎట్లా?

నంద్యాలలో అన్న అంగడి మేడ మీద. మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ పైకెక్కాను. సారు మూట పట్టుకుంటానని చేయి చాచాడు, నేను ఇవ్వలేదు.

అన్న డబ్బా బిగించి, నెట్టు తీగ తగిలించకుండా ఆన్ చేశాడు. చాలాసేపు చూశాడు.

"ప్రోగ్రాం పోలేదు. యాంటీవైరస్ దాన్ని పట్టి ఒక మూల గదిలో వేసి తాళం పెట్టింది, అంతే. మళ్లీ తేవచ్చు."

"అది దొంగదా, కాదా? అది చెప్పన్నా."

"చూడకుండా నేను చెప్పలేనమ్మా. అయ్యిండొచ్చు, కాకపోవచ్చు."

కాదు అంటాడనే ఇంత దూరం వచ్చాను.

అన్న సారు వైపు తిరిగి చెప్పాడు. "సార్, తెలుగు కొట్టే ప్రోగ్రాం ఏదైనా వేలు నొక్కిన ప్రతి కీని పట్టుకుంటాది. పట్టుకోకపోతే తెలుగు రాదు. దొంగ ప్రోగ్రాం కూడా అదే పని చేస్తాది. ఇది పట్టుకుని మార్చి వదిలేస్తాది, అది పట్టుకుని దాచుకుంటాది. యాంటీవైరస్ నడక చూసి కేక వేస్తాది, అది చేసేది పూర్తిగా చూడదు. అందుకని కొన్నిసార్లు మంచిదాన్ని కూడా పట్టుకుంటాది."

"ఇచ్చినోడివి నువ్వే. నీ మాట నేనెట్ల నమ్మేది?" అన్నాడు సారు.

"నమ్మొద్దు. చూస్తాండండి."

అన్న బీరువాలోంచి ఒక సీడీ తీశాడు. మా ఆయనకు మొదట ఇచ్చిన ప్రోగ్రాం దాంట్లో ఉందట. నా దాంట్లో ఉన్నదీ ఇదీ ఒకటే అయితే సైజు ఒకటే ఉండాలి, వైరస్ అంటుకుని ఉంటే పెరుగుతుంది అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. అంకెలు నేను చదవగలను. రెండూ ఒకటి కాదు. నా దాంట్లో ఉన్నదే పెద్దది.

సారు చేతులు కట్టుకున్నాడు. అన్న గడ్డం గోక్కున్నాడు. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"మా ఆయన ఒకసారి నీ దగ్గరికి మార్పు అని వచ్చినాడు కదన్నా," అన్నాను. చెప్పాలా వద్దా అని బస్సులో అనుకుంటూనే వచ్చాను. చెబితే ఉరి బిగుసుకోవచ్చు. దాచితే సారు అన్నదే నిజమవుతుంది. "అప్పుడేం చేయించుకున్నాడు?"

అన్న కాసేపు ఆలోచించి తల కొట్టుకున్నాడు. "అవును కదా. రాళ్లోళ్లు ఒత్తులు ఒకదానికొకటి తగులుతాండాయి, ఉలి పెడితే మధ్యలో రాయి ఊడిపోతాందని గొడవ పెట్టినారంట. ఒత్తుకూ అక్షరానికీ సందు ఎక్కువ ఉండేది ఉంటే ఇయ్యన్నాడు. కొత్త ఫాంటు, దానికి సరిపోయే కొత్త ప్రోగ్రాం వేసిచ్చినా. ఇది ఆ రెండోది."

"అది నువ్వు ఇప్పుడు చెప్పే కథ," అన్నాడు సారు. "చూపించు."

రెండోది అన్న ఫ్లాపీలో ఇచ్చాడట. ఆ ఫ్లాపీ దొరికింది గానీ పెడితే గరగరమంది, తెరుచుకోలేదు. నేను ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.

అప్పుడు అన్నకు పక్క వీధి ప్రెస్సు గుర్తొచ్చింది. వాళ్లకూ ఆ రెండోదే వేశాడట. ఫోన్ చేస్తే ప్రెస్సాయన పెద్ద గొంతుతో తిట్టడం మాకందరికీ వినిపించింది. "నీకే చేద్దామనుకుంటాండా అప్పా. పొద్దున నుంచి ఎర్ర డబ్బా వస్తాంది. తెలుగు రాక పత్రికలన్నీ ఆగిపోయినాయి. నీ వల్ల పెళ్లోళ్లు నా నెత్తిన కూర్చున్నారు."

అందరం దిగి ప్రెస్సుకు పోయాం. సారు ముందు నడిచాడు. అక్కడ అన్న ఆ ప్రోగ్రాంను బయటికి తీసి సైజు చూపించాడు. సారు తన చేతి మీద పెన్నుతో రాసుకున్న అంకెలతో సరిచూసుకున్నాడు. ఒక్క అంకె కూడా తేడా లేదు. అదే ప్రోగ్రాం, అదే పొద్దున, అదే కేక. అది మా ఆయన పని నేర్చుకున్న ప్రెస్సు కాదు, దాని గడప మా ఇంటివాళ్లెవరూ తొక్కింది లేదు. యాంటీవైరస్ రాత్రికి రాత్రి నెట్టులోంచి తెచ్చుకున్న కొత్త సంగతుల్లోనే పొరపాటు ఉందన్నాడు అన్న.

మళ్లీ మేడ ఎక్కాం. అన్న ప్రోగ్రాంను మూల గదిలోంచి బయటికి తెచ్చి, సారునే కూర్చోబెట్టాడు. "మీ ఇష్టమొచ్చింది కొట్టండి సార్. తర్వాత ఈరోజు ఈ డబ్బాలో కొత్తగా ఏ ఫైలు పుట్టిందో, ఏది పెరిగిందో చూస్తాం. దాచుకుంటే ఎక్కడో ఒకచోట దాచాల కదా." సారు ఒక్కో కీ వెతుక్కుంటూ కొట్టాడు. వెతికారు. ఆయన కొట్టిన మాటలు ఎక్కడా లేవు.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరి నా మెయిల్లోకి ఎవురు పోయినారు?"

"సార్, మీ పాస్‌వర్డ్ ఎవురు కొడతారు?" అన్నాడు అన్న.

"ఈ యమ్మే. నాకు కీలు తొందరగా దొరకవు. నేను చెప్తా, ఆమె కొడతాది."

"ఎట్ల చెప్తారు, చెవిలోనా?"

సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. మా అంగట్లో అందరూ అంతే. కౌంటర్ అవతల నిలబడి, బడిలో ఎక్కాలు చెప్పినట్టు ఒక్కో అక్షరం గట్టిగా చెబుతారు, నేను కొడతాను. నాకు అర్థం కావట్లేదనుకుంటే ఇంకా గట్టిగా చెబుతారు. బెంచీ మీద వాళ్లంతా వింటూనే ఉంటారు. అది దాచుకోవాల్సిందని మాకెవరికీ తోచలేదు. సారు బళ్లో చదివిన కుర్రాళ్లే కదా ఆ బెంచీ మీద కూర్చునేది.

"వాళ్లలో ఎవుడో," అన్నాడు సారు మెల్లగా. "నేను ఫెయిల్ చేసినోడు ఎవుడో."

అన్న ఆ ఒక్క ఫైలును మాత్రం వదిలేయమని యాంటీవైరస్‌కు చెప్పి, మిగిలిన కాపలా అట్లాగే ఉంచాడు. "మళ్లీ ఎర్రది వస్తే ఇదేలే అనుకుని ఒప్పేసుకోవద్దమ్మా. నాకు చదివి వినిపించు. అక్షరం అక్షరం చెప్పినా సరే" అన్నాడు. సరేనన్నాను.

తిరుగు బస్సులో సారు నా పక్క వరస సీట్లో కూర్చున్నాడు. ఆళ్లగడ్డ కనిపిస్తుండగా, "పాస్‌వర్డ్ మార్చుకోవల్ల" అన్నాడు. నాకు కావాల్సిన మాట అది కాదు, అయినా ఆ మాట బస్సులో అంటే సరిపోదు.

మా మరిది అంగడి ముందే ఉన్నాడు. నేను చెప్పింది విన్నాడు. "నువ్వు చెప్తే నేను నమ్ముతా వదినా. బజారు నమ్మల్ల కదా" అన్నాడు. తాళం ఇంకా చేతిలోనే ఉంది.

మరుసటి రోజు పొద్దున సారు వచ్చాడు. రిజల్ట్ల జనం మళ్లీ వచ్చారు గానీ లోపలికి రాకుండా సందులోనే నిలబడ్డారు. పెదనాయన బెంచీ మీద ఉన్నాడు, మరిది గుమ్మంలో ఆనుకుని ఉన్నాడు. సారు గొంతు సవరించుకుని, "నంద్యాలలో చూపించినాం. ప్రోగ్రాం మంచిదే. యాంటీవైరస్ తప్పుగా చెప్పింది" అన్నాడు. అని నా వైపు చూశాడు, అయిపోయిందన్నట్టు.

నేను కంప్యూటర్ ఆన్ చేయలేదు.

"ప్రోగ్రాం సంగతి చెప్పినారు సారూ. నిన్న మీరు మనిషిని కూడా అన్నారు."

సందులో మాటలు ఆగిపోయాయి. నేను చూపు తిప్పుకోలేదు. సారు నేల చూశాడు, మరిదిని చూశాడు. బళ్లో పిల్లల ముందు నిలబడే మనిషికి ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆయన చేశాడు.

"ఆయప్ప తప్పు ఏమీ లేదు. నేను తెలియక అన్నా. నా పాస్‌వర్డ్ నేనే అరిచి చెప్పుకున్నా."

"ఊరందరికీ తెలుసులే సారూ," అన్నాడు పెదనాయన. "నాక్కూడా సగం వచ్చు."

ఈసారి నవ్వారు. సారు కూడా, కొంచెం. మా మరిది తాళం జేబులో వేసుకుని టీ కొట్టు వైపు పోయాడు.

అందరూ తిరిగి రాలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. మెయిళ్ల వాళ్లలో చాలామంది అవతలి వీధి అంగడికి మారిపోయారు. చాలా రోజుల వరకు ఎవరో ఒకరు గుమ్మంలో ఆగి అనుమానంగా తొంగిచూసేవాళ్లు. సారు తప్పు ఒప్పుకున్న ఆ పొద్దునే ఒకాయన, ఎవరి ఊరో తెలియదు, కరపత్రం కాగితం చేత్తో పట్టుకుని అడిగాడు.

"ఏమ్మా, మీ కంప్యూటర్లో ఎవురో దొంగ ఉండాడంటనే?"

"ఉండాడు. తెలుగు బాగా కొడతాడు," అన్నాను. "కూర్చో. ముందు ఈ తొట్టి రాయి అయిపోనీ."